ఆ రెండు ఎక్స్‌రేలు ఎవరివి?

సంపాదకులు గారికి,

ఒక సెంటరువాళ్ళు సూదితో మోకాల్లోకి స్టెమ్ సెల్స్ (కొత్త కణాలుగా మారగల మూలకణాలు) ఎక్కిస్తే అరిగిన గుజ్జు తిరిగి వస్తుందంటూ పోయిన ఆదివారం ఆరోగ్యం పేజీలో మీరు వేసిన ‘అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగుతుంది’ కథనం చూసి ఆరోజే రాద్దామనుకున్నాను. నాకంటే తెలిసినవాళ్ళు, కనీసం ఒక్క ఎముకల డాక్టరైనా, రాయకపోతారా అని ఆగాను. ఇవాళ్టిదాకా ఎవరూ రాయలేదు. మీ లేఖల శీర్షికలో వచ్చినవల్లా ఆ సూది ఎక్కడ వేస్తారో చెప్పమని అడిగిన ఉత్తరాలే! ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

కథనమంతా మళ్ళీ ఏకరువు పెట్టను, అందరూ చదివిందే. నా గొడవ దాని నడుమ అచ్చేసిన రెండు ఎక్స్‌రేల గురించి. ‘చికిత్సకు ముందు’ అన్నదాంట్లో తొడ ఎముకా కాలి ఎముకా ఒరుసుకుంటున్నాయి. ‘ఆరు నెలల తర్వాత’ అన్నదాంట్లో మధ్య చక్కగా సందు కనిపిస్తోంది. స్టెమ్ సెల్స్ ఎక్కించారు, గుజ్జు పెరిగింది, ఇదిగో సాక్ష్యం అన్నారు. ఉద్యోగమంతా ఎక్స్‌రే గదిలోనే గడిపి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ సాక్ష్యం సంగతి చెబుతాను.

గుజ్జు ఎక్స్‌రేలో కనబడదండీ. కనబడేది ఎముక. రెండు ఎముకల మధ్య ఎడాన్ని బట్టి గుజ్జు ఏమాత్రం మిగిలిందో అంచనా కడతారు. ఆ అంచనా నిలవాలంటే మనిషిని నిలబెట్టి, బరువు కాలిమీద పడుతుండగా తీయాలి. అదే మోకాలిని బల్లమీద పడుకోబెట్టి తీస్తే బరువు ఉండదు, సందు వెడల్పుగా కనిపిస్తుంది. మోకాలి వంపు మారినా, ఎక్స్‌రే ట్యూబు కోణం మారినా లెక్క తప్పుతుంది. ఇది పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా తెలుసు. ఇప్పుడు మీ బొమ్మలు చూడండి. రెండింటి మీదా తేదీ లేదు. కుడికాలో ఎడమకాలో చెప్పే సీసపు అక్షరం లేదు, అంచులు కత్తిరించేశారు. మొదటిదాంట్లో పక్కనున్న సన్న ఎముక తల పెద్ద ఎముక చాటున సగం దాగి ఉంది, రెండోదాంట్లో పూర్తిగా బయటికొచ్చింది. అంటే కాలు తిప్పి తీశారు. అన్నిటికంటే వింత, మొదటిదాంట్లో ఎముక అంచున ముల్లులా పొడుచుకొచ్చిన పెరుగుదల ఉంది, రెండోదాంట్లో మాయం. గుజ్జు పెరిగిందనే అనుకుందాం, ఆ ముల్లును ఎవరు చెక్కేశారు? అసలివి ఒకే మనిషి మోకాళ్ళేనా?

మనం గుజ్జు అంటున్నది ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థిని. దానికి రక్తనాళాలు లేవు, అందుకే గాయమైతే చర్మంలా మానదు. విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే, అది ఒకసారి పాడైతే తిరిగి బాగుపడదని లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. దానికి నరాలూ లేవు. నొప్పి వచ్చేది కింది ఎముక నుంచి, కీలు లోపలి పొర నుంచి, చుట్టూ ఉన్న కండరాలూ కణజాలం నుంచి. ఎక్స్‌రే చూస్తే భయమేసే మోకాళ్ళతో మెట్లెక్కి వచ్చినవాళ్ళనీ, సందు నిండుగా ఉండి కూడా మూలుగుతూ వచ్చినవాళ్ళనీ మా గదిలో ఎందరినో చూశాను.

పరిశోధన అంతా బూటకమని నేననడం లేదు. రోగి సొంత మృదులాస్థి కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, మళ్ళీ అతికించే పద్ధతిని స్వీడన్ వైద్యులు 1987లో మొదలుపెట్టి 1994లో ఫలితాలు ప్రచురించారు. దానికే మెరుగుపరచిన రూపాన్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఆమోదించింది. నిఖార్సైన వైద్యం. కానీ అది దెబ్బ తగిలి ఒకచోట గుంత పడిన మోకాలికి, రెండు విడతల్లో, నెలల తరబడి వ్యాయామంతో చేసేది. వయసుతో కీలంతా అరిగినవాళ్ళకు ఉద్దేశించింది కాదు. మీ విలేకరి ఈ స్వీడన్ కథ పైన చెప్పి, దానికిందే సూదిమందు కథ అతికించాడు. చదివినవాళ్ళు రెండూ ఒకటే అనుకోరా?

ఆ సూదుల సంగతీ పరీక్షించి చూశారు. రక్తం నుంచి ప్లేట్‌లెట్లు వేరుచేసి మోకాల్లోకి ఎక్కించే పీఆర్‌పీని ఆస్ట్రేలియాలో 288 మందిపై మందేమీ లేని ఉప్పునీటి సూదితో పోల్చారు. ఏడాది తర్వాత నొప్పిలో గానీ మృదులాస్థిలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదని 2021లో తేల్చారు. ఉప్పునీళ్ళు పడ్డవాళ్ళకూ నొప్పి తగ్గిందన్నది గమనించాలి. మీరు ఫొటోలతో సహా వేసిన ‘నాకు తగ్గింది’ మాటల విలువ దాన్నిబట్టి కట్టుకోవచ్చు. ఎముక మజ్జ, కొవ్వు, బొడ్డుతాడు నుంచి తీసిన కణాలను మామూలు స్టిరాయిడ్ సూదితో పోల్చిన అమెరికా పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. ఏడాదికి ఏ కణమూ స్టిరాయిడ్‌ను మించలేదు. అక్కడి కీళ్ళ వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లోనే మోకాలి అరుగుదలకు పీఆర్‌పీ, స్టెమ్ సెల్ సూదులు వద్దని గట్టిగా చెప్పింది. 2018లో బొడ్డుతాడు రక్తంతో చేసిన సూదులు వేయించుకుని అక్కడ కొందరు సూక్ష్మక్రిములు సోకి ఆస్పత్రి పాలయ్యారు కూడా. ఇవేవీ మీ విలేకరికి కనబడలేదు. సెంటరు ఫోన్ నంబరు మాత్రం కనబడింది. తప్పు లేకుండా అచ్చయింది కూడా!

ఒకప్పుడు ఆరోగ్యం పేజీలో డాక్టరు పేరు, చదువు వేసేవారు. ఇప్పుడు ‘ప్రముఖ నిపుణులు’ అంటే సరి. ప్రకటనకూ వార్తకూ మధ్య గీత ఉండేది, దాన్నీ చెరిపేశారు. అయస్కాంతపు మోకాలి పట్టీ మహిమ మీద అరపేజీ వేసింది కూడా ఈ పత్రికే. అధికారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్త మాత్ర అమ్మాలంటే పరీక్షలూ కాగితాలూ బోలెడు కావాలి. మనిషి రక్తమే తీసి, గిర్రున తిప్పి, తిరిగి ఎక్కిస్తే చాలాచోట్ల అది మందు లెక్కలోకే రాదు. మా శాఖది కాదంటే మా శాఖది కాదని ఫైలును తోసుకుంటారు. ఏదైనా ప్రాణం మీదికొస్తే అప్పుడు అందరూ ‘విచారణకు ఆదేశించాం’ అంటారు.

2019 నాటికే ప్రపంచంలో సుమారు 52.8 కోట్ల మందికి కీళ్ళ అరుగుదల ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంతమంది నొప్పితో ఆశగా చూస్తుంటే వాళ్ళకు చెప్పాల్సింది ఎవరూ చెప్పరు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ కండరాలు గట్టిపడితే నొప్పి తగ్గుతుంది. వాటికి ప్రకటనలిచ్చేవాళ్ళు లేరు కాబట్టి మీ పేజీలో చోటూ లేదు.

నేనడిగేది ఒకటే. ఆ రెండు ఎక్స్‌రేలు మీకెవరిచ్చారు, ఏ తేదీన తీశారు, ఏ కాలివి, నిలబెట్టి తీశారా పడుకోబెట్టి తీశారా? జవాబు తెప్పించి అదే ఆరోగ్యం పేజీలో వేయండి. లోపలెక్కడో వర్గీకృత ప్రకటనల కింద కాదు. చోటు చాలకపోతే ఆ ఫోన్ నంబరుకిచ్చినంత ఇచ్చినా సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత రేడియోగ్రాఫర్