స్కోప్ సినిమా పక్కలు కోసి చూడమనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టుకోవాలనుకునేవాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. గదిని ఎలా చీకటి చేసుకోవాలో, గోడకు ఏ రంగు వేయించాలో వివరంగా చెప్పారు. బాగుంది. కానీ చివర్లో ఒక సలహా ఇచ్చారు. బొమ్మకు పైనా కిందా నల్ల పట్టీలు వస్తే రిమోట్‌లో జూమ్ నొక్కి తెర నిండా చేసుకోమన్నారు. ఆ సలహాను వెనక్కి తీసుకోమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన సినిమాల్లో చాలా భాగం స్కోప్‌లో తీసినవే. ఆ ఫ్రేములో ఎత్తు ఒక వంతైతే వెడల్పు 2.35 వంతులు, ఇప్పటి లెక్కలో 2.39. ఇంటి ప్రొజెక్టర్ బొమ్మ మాత్రం 16:9, అంటే 1.78. జూమ్ చేసి నింపితే సినిమా వెడల్పులో దాదాపు నాలుగో వంతు తెర బయటికి పోతుంది. గుమ్మం దగ్గర నిలబడిన కొడుకు, ఆ చివర కుర్చీలో కూర్చున్న తండ్రి మాట్లాడుకుంటుంటే ఇద్దరి ముఖాలూ సగం తెగిపోయి మధ్యలో ఉత్త గోడ కనిపిస్తుంది. కెమెరామన్ ఎంతో ఆలోచించి పెట్టుకున్న షాట్ అది. ఇంటిల్లిపాదీ దాన్ని అలా చూస్తున్నారంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

నాది తెనాలిలో కళ్లద్దాల షాపు. మా పెదనాన్న థియేటర్‌లో ఆపరేటర్‌గా పనిచేశారు. సెలవుల్లో ఆయనకు క్యారేజీ తీసుకెళ్తే క్యాబిన్‌లో కాసేపు కూర్చోనిచ్చేవారు. మామూలు సినిమాకు ఒక లెన్స్, స్కోప్‌కు ఇంకొకటి ఉండేవి. స్కోప్ లెన్స్ లావుగా, బరువుగా ఉండేది. అది లేకుండా వేస్తే తెర మీద మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. లెన్స్ పెట్టగానే ముఖాలు సరైన రూపంలోకి వచ్చేవి, తెరకు రెండు పక్కలా ఉన్న నల్ల గుడ్డలు జరిగేవి, బొమ్మ గోడ నుంచి గోడ దాకా పరుచుకునేది. ఎత్తు అంతే ఉంటుంది, వెడల్పు పెరుగుతుంది. స్కోప్ అంటే అదే. ఇప్పుడు ఇళ్లలో జరుగుతున్నది దానికి పూర్తిగా తలకిందులు. వెడల్పు అంతే ఉండి ఎత్తు తగ్గిపోతోంది. అన్నిటికంటే పెద్దగా కనిపించాలని తీసిన సినిమా, అదే గోడ మీద టీవీ సీరియల్ కంటే చిన్నగా కనిపిస్తోంది.

ఈ లెన్స్ కనిపెట్టింది హెన్రీ క్రెతియాన్ అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త. 1920లలోనే హైపర్‌గొనార్ అనే పేరుతో తయారుచేశారు. కెమెరా దగ్గర వెడల్పును సగానికి నొక్కి ఫిల్ము మీదికి ఎక్కించడం, హాల్లో దాన్ని రెండింతలు సాగదీసి తెర మీద వేయడం ఆయన పద్ధతి. అమెరికాలో టీవీల వల్ల హాళ్లు ఖాళీ అవుతున్న రోజుల్లో ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ దాన్ని తీసుకుని 1953లో సినిమాస్కోప్‌గా జనం ముందుకు తెచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. అప్పటి నుంచి మన ప్రేక్షకుడి కన్ను ఆ వెడల్పుకు అలవాటు పడింది.

ఆ వెడల్పు ఇంట్లోనూ వస్తుంది. చేత్తో తయారుచేసుకోవచ్చు కూడా. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను.

మామూలు ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. స్కోప్ సినిమా వేస్తే నిలువు వరసల్లో 817 మాత్రమే బొమ్మకు పనికొస్తాయి. మిగతా 263 వరసలు నల్ల పట్టీలకే పోతాయి. వాటి మీద పడే వెలుతురూ వృథా. దీనికి విరుగుడు రెండు మెట్లలో ఉంటుంది. మొదట బొమ్మను నిలువుగా సాగదీసి 1080 వరసలూ నింపాలి. కొన్ని ప్రొజెక్టర్లలో అనమార్ఫిక్ అనే సెట్టింగ్ దీనికోసమే ఉంటుంది. లేకపోతే కంప్యూటర్‌లో వీడియో ప్లేయర్‌తో పట్టీలను తీసేసి, మిగిలిన బొమ్మను 16:9కు సాగదీస్తే అదే పని అవుతుంది. అప్పుడు మనుషులు పొడుగ్గా అవుతారు. తర్వాత ప్రొజెక్టర్ ముందు ఒక లెన్స్ పెట్టి అడ్డంగా 1.33 రెట్లు సాగదీస్తే మళ్లీ మామూలుగా అవుతారు. దీనివల్ల సినిమాలో కొత్త వివరం ఏమీ పుట్టదు. కానీ వెలుతురు మొత్తం బొమ్మకే వస్తుంది, ఎత్తు తగ్గదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మూతపడిన థియేటర్ల స్కోప్ లెన్స్‌లు పాత సామాన్ల షాపుల్లో దొరుకుతున్నాయని కొందరు కుర్రాళ్లు వాటిని కొని నా దగ్గరికి తెస్తున్నారు. అవి రెండింతలు సాగదీసేవి. 1.78ని రెండింతలు చేస్తే 3.56 అవుతుంది. మన సినిమాలేవీ అంత వెడల్పు ఉండవు. మనకు కావాల్సింది 1.33. కంపెనీలు చేసే అలాంటి లెన్స్ ఖరీదు చాలా ఇళ్లలో ఉన్న ప్రొజెక్టర్ ఖరీదును మించిపోతుంది. అందుకే చేత్తో చేసుకునే దారి చెబుతున్నాను.

ఆ దారి ప్రిజంలు. రెండు ప్రిజంలు, ఒక్కోటీ బొమ్మను 1.155 రెట్లు సాగదీస్తే రెండూ కలిసి 1.33 అవుతుంది. మొదటి ప్రిజం లావు వైపు ఎడమకు ఉంటే రెండోదాని లావు వైపు కుడికి ఉండాలి. మొదటిది వెలుతురును ఒక పక్కకు వంచితే రెండోది అంతే వెనక్కి వంచుతుంది. బొమ్మ కొద్దిగా పక్కకు జరిగినా నేరుగానే పోతుంది.

అంత పెద్ద గాజు ప్రిజంలు మన ఊళ్లలో దొరకవు. ఫొటో ఫ్రేముల షాపులో మంచి గాజు పలకలు కోయించి, అక్వేరియంలు అతికించే సిలికాన్‌తో వెడ్జ్ ఆకారంలో, అంటే ఒక వైపు లావుగా, ఇంకో వైపు సన్నగా ఉండే పెట్టెలు చేసి, మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ పోశాను. గ్లిజరిన్ వెలుతురును వంచే సూచిక 1.47, మామూలు గాజు 1.52. రెండూ దగ్గరే. నీళ్లది 1.33 కాబట్టి నీళ్లు పోస్తే ప్రిజం కోణం బాగా పెంచాలి. లిక్విడ్ పారాఫిన్ పోయొద్దు, దానికి సిలికాన్ ఉబ్బుతుంది. గ్లిజరిన్‌కైతే వెడ్జ్ కోణం 16 డిగ్రీలు చాలు. వెలుతురు లోపలికి వెళ్లే ముఖాన్ని సుమారు 15 డిగ్రీలు వాల్చి, బయటికి వచ్చే ముఖం బాగా ఏటవాలుగా ఉండేలా నిలపాలి. బొమ్మ సాగకుండా నొక్కుకుపోతే ప్రిజం తిరగబడిందని అర్థం. రెండో పెట్టె మొదటిదానికంటే పెద్దది కావాలి, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి వెలుతురు విచ్చుకుంటుంది. రెండింటికీ కలిపి సుమారు ముప్పావు లీటరు పడుతుంది. గ్లిజరిన్ సీసాను ముందుగా వేడినీళ్లలో ఉంచితే పలచబడి బుడగలు తొందరగా పైకి పోతాయి. పైన కాస్త ఖాళీ వదలాలి, వేడికి ద్రవం పెరుగుతుంది. తర్వాత గాలి తగలకుండా మూసేయాలి, గ్లిజరిన్ తేమను పీల్చుకుంటుంది. ఈ పెట్టెలను ప్రొజెక్టర్ మీద పెట్టకండి. విడిగా స్టాండు మీద, కింద పళ్లెం ఉంచి పెట్టండి.

కొలవడం తేలిక. లెన్స్ లేకుండా బొమ్మ వెడల్పు 180 సెంటీమీటర్లు ఉంటే లెన్స్ పెట్టాక 240 రావాలి. అది వచ్చేదాకా ప్రిజంల వాలు సవరించాలి. ప్రొజెక్టర్ ఎంత వెనక ఉంటే అంత మంచిది. 180 వెడల్పుకు కనీసం మూడున్నర మీటర్లు ఉండాలి. దగ్గర పెడితే అంచులు విల్లులా వంగుతాయి, ఒక పక్క ఎక్కువ సాగుతుంది. గోడకు దగ్గరగా ఉండి పెద్ద బొమ్మ వేసే షార్ట్ త్రో ప్రొజెక్టర్లకు ఈ పని పెట్టుకోవద్దు. వంకర బొమ్మను సరిచేసే కీస్టోన్ సెట్టింగ్ పూర్తిగా తీసేయాలి.

ఇంత చేసినా బొమ్మలో ఒక లోపం మిగులుతుంది. నా వృత్తి నాకు ఉపయోగపడింది అక్కడే. ప్రిజంలు వెలుతురును అడ్డం దిశలోనే మారుస్తాయి, నిలువు దిశను ముట్టుకోవు. దాంతో అడ్డంగా ఒక దూరంలో, నిలువుగా మరో దూరంలో ఫోకస్ కుదురుతుంది. సబ్‌టైటిల్స్ చూస్తే తెలిసిపోతుంది. అడ్డగీతలు పదునుగా ఉంటే నిలువు గీతలు మసకగా ఉంటాయి. చాలామంది ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. అక్షరాలకు నీడ వస్తోందండీ అంటూ మా షాపుకు రోజూ వచ్చేవాళ్ల కంటిలో ఉండేది కూడా ఇదే. దానికి మేం ఇచ్చేది సిలిండర్ పవర్, అంటే ఒక్క దిశలోనే పనిచేసే పవర్. ప్రొజెక్టర్‌కూ అదే మందు.

తెర మూడున్నర మీటర్ల దూరంలో ఉంటే, ప్రొజెక్టర్‌కూ మొదటి ప్రిజంకూ మధ్య మైనస్ 0.12 సిలిండర్, యాక్సిస్ 90లో, అంటే దాని గీత నిలువుగా ఉండేలా పెడితే రెండు ఫోకస్‌లూ కలుస్తాయి. దూరం పెరిగితే పవర్ ఇంకా తక్కువ చాలు. కళ్లద్దాల పవర్ పావు చొప్పున పెరుగుతుంది కాబట్టి 0.12 మామూలుగా షాపులో ఉండదు. దానికి పాతకాలం ఉపాయం ఒకటి ఉంది, స్టోక్స్ లెన్స్ అంటారు. మైనస్ 0.25, ప్లస్ 0.25 సిలిండర్లు రెండింటినీ కోయని గుండ్రటి అద్దాలుగానే తీసుకుని, యాక్సిస్ 45 మీద ఒకదాని మీద ఒకటి పెడితే పవర్ సున్నా అవుతుంది. తర్వాత ఒకదాన్ని ఇటు, ఇంకోదాన్ని అటు సమానంగా తిప్పుతూ పోతే సిలిండర్ కొద్దికొద్దిగా పుడుతుంది. చెరో 7 డిగ్రీలు తిప్పితే దాదాపు 0.12 వస్తుంది. మసక పెరిగితే రెండింటినీ వ్యతిరేక దిశల్లో తిప్పాలి. ప్రతిసారీ ప్రొజెక్టర్ ఫోకస్ మళ్లీ సరిచేసుకోవాలి. నిలువు గీత, అడ్డగీత రెండూ ఒకేసారి పదునుగా కనిపించినప్పుడు కలిగే సంతోషం, చిన్నపిల్లకు మొదటి కళ్లజోడు పెట్టినప్పుడు కలిగే సంతోషమంత.

రంగు అంచులు కొన్ని ఉంటాయి. రెండో ప్రిజం మొదటిదాని రంగుల చీలికను మధ్యలో చాలావరకు తీసేస్తుంది, పక్కలకు పోయేకొద్దీ తెల్ల అక్షరాల చుట్టూ కొద్దిగా ఎరుపు, నీలం కనిపిస్తాయి. ఖరీదైన లెన్స్‌లలో ఒక్కో ప్రిజంనూ క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులు కలిపి చేసేది దీనికోసమే. ప్రిజంల కోటింగ్ లేని నాలుగు గాజు ముఖాల వల్ల వెలుతురులో నూటికి సుమారు 15 వంతులు పోతుంది. అయినా పట్టీలకు పోయే వెలుతురు నూటికి 24 వంతులు కాబట్టి, సిలిండర్ అద్దాలు కోటింగ్ ఉన్నవి వాడితే లాభం మనదే. క్రికెట్ చూసేటప్పుడు లెన్స్ అడ్డు తీయాలి, అందుకు దాన్ని డ్రాయర్ ఛానల్ మీద బిగిస్తే పక్కకు జరుగుతుంది.

నేను అడిగేవి రెండు. థియేటర్ యజమానులు తమ పాత క్యాబిన్లలో మిగిలిన స్కోప్ లెన్స్‌లను తూకానికి అమ్మకుండా దగ్గర్లోని హైస్కూలుకో, పాలిటెక్నిక్‌కో ఇవ్వాలని మీ పత్రిక రాయాలి. అవి ఇంటి ప్రొజెక్టర్‌కు పనికిరాకపోయినా పాఠానికి పనికొస్తాయి. వక్రీభవనం గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే ఫిజిక్స్ మాస్టారు, ఆ లెన్స్‌లోంచి పిల్లల్ని ఒకరి ముఖం ఒకరిని చూడమంటే చాలు. గ్లిజరిన్ ప్రిజంలైతే పదో తరగతి పిల్లలు సైన్స్ ఫెయిర్‌కు తామే చేయగలరు. గాజు మాత్రం పెద్దవాళ్లు కోయించి అంచులు నున్నగా రుద్దించి ఇవ్వాలి.

రెండోది, జూమ్ సలహాను సవరించేటప్పుడు ఇల్లు కట్టుకుంటున్నవాళ్ల కోసం ఈ కొలతలు కూడా వేయండి. తెర కొనేటప్పుడు ముందు ఎత్తు తేల్చుకోవాలి. 101 సెంటీమీటర్ల ఎత్తుకు మామూలు బొమ్మ వెడల్పు 180, స్కోప్ వెడల్పు 240. ఇప్పుడు లెన్స్ లేకపోయినా గోడ మీద అటూ ఇటూ 30 సెంటీమీటర్ల చొప్పున ఖాళీ వదలమనండి. స్విచ్ బోర్డు, స్పీకర్ల వైర్లు ఆ ఖాళీకి అవతల వేయించమనండి.

ఇట్లు,
ఒక కళ్లద్దాల షాపు యజమాని,
తెనాలి