వేసవి శిబిరంలో మా అబ్బాయికీ చోటివ్వండి: బహిరంగ లేఖ

వేసవి క్రీడా శిబిరాలను చూసుకునే గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారాలు.

రెండు అర్జీలు పెట్టుకున్నా సమాధానం రానందున నలుగురి ఎదుట ఈ లేఖ రాస్తున్నాను. నడవలేని మా అబ్బాయిని మే నెలలో వేసవి శిబిరానికి తీసుకెళితే, మైదానం లోపలికి మెట్లున్నాయనీ, చూసుకునే మనిషి లేడనీ చెప్పి తిప్పి పంపారు. వాడు చక్రాల కుర్చీలోనే, అడిగి మరీ కొనిపించుకున్న కొత్త బూట్లతో, ఎండ ముదిరేదాకా గేటు ఊచలు పట్టుకుని ఆట చూశాడు.

దివ్యాంగులు క్రీడల్లో పాల్గొనేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 30వ సెక్షన్ చెబుతోంది. కనుక వచ్చే వేసవిలోగా ప్రతి శిబిరంలో ర్యాంపు, శిక్షణ పొందిన సహాయకుడు ఉండేలా ఉత్తర్వులివ్వండి. శిబిరం నుంచి మైపాడు సముద్ర తీరానికి పిల్లలను తీసుకెళ్లే బస్సులో చక్రాల కుర్చీకీ చోటుండాలి. కూలి చేసుకునే వాళ్ల పిల్లలకు రుసుము కూడా వద్దు. లిఖితపూర్వక సమాధానం కోరుతున్నాను.

ఇట్లు,
నెల్లూరు జిల్లాకు చెందిన ఒక తండ్రి