వకీలుపై దావాలో ఖర్చుల పద్దులు కలిపేయొద్దు

సంపాదకులకు,

న్యాయవాది నిర్లక్ష్యం వల్ల కేసు పోయిందని పరిహారం కోరే కక్షిదారుకు వినియోగదారుల కమిషన్ దారి 2024 మే 14 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో మూసుకుపోయింది. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే క్రమశిక్షణ చర్య ఉండొచ్చు గానీ పోయిన సొమ్ము రాదు. ఇక మిగిలింది సివిల్ దావాయే. వకీలు అయినంత మాత్రాన నిర్లక్ష్యానికి జవాబుదారీ నుంచి తప్పించుకోలేరని 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ (ఫీజుల) చట్టం సెక్షన్ 5 ఎప్పుడో చెప్పింది. అయితే ఈ దావాల్లో పరిహారం సంగతి ఎంత బాగా వాదించినా, ఖర్చుల దగ్గర లెక్క తప్పుతోంది.

వాయిదాకు వకీలు రాక పాత దావా డిఫాల్ట్‌లో కొట్టేశారనుకుందాం. దాన్ని తిరిగి తెరిపించే పిటిషన్, జాప్యం మన్నించాలన్న పిటిషన్, కొత్త వకీలు ఫీజు, ఎదుటి పక్షానికి కట్టమన్న ఖర్చులు ఇవన్నీ నష్టంలో భాగం. ప్లెయింట్‌లో (దావా పత్రంలో) పద్దుల వారీగా చూపి కోర్టు ఫీజు కట్టాల్సినవి. వకీలుపై వేసిన ప్రస్తుత దావా ఖర్చులు వేరు. నోటీసు, టైపింగ్, రికార్డుల తనిఖీ, సాక్షులను తేవడం వంటివి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35, ఆర్డర్ 20ఎ కిందకొస్తాయి, దావా విలువలో కలవవు. ‘దావా ఖర్చులు ఇప్పించాలి’ అన్న ఒక్క ముక్కతో రెండూ వస్తాయనుకుంటే మొదటిది పోయినట్టే. అడగని నష్టాన్ని జడ్జి ఇవ్వలేరు.

అత్యాశ వల్ల జరిగే తప్పూ ఉంది. పాత కేసు గెలిస్తే వచ్చే సొమ్మూ కావాలి, ఆ కేసుకు మొదటి నుంచీ పెట్టిన ఖర్చూ కావాలి అంటారు. వకీలు శ్రద్ధగా నడిపినా ఆ ఖర్చు అయ్యేదే కదా! రూ.10 లక్షల దావాలో గెలిచే అవకాశం 60 శాతమని తేలితే నష్టం రూ.6 లక్షలు. కేసు చివరిదాకా నడిస్తే ఇంకో రూ.50 వేలు అయ్యేదనుకుంటే, అది మిగిలింది కాబట్టి తీసేయాలి. తిరిగి తెరిపించబోయి పోగొట్టుకున్న రూ.40 వేలు కలపాలి. నికరంగా రూ.5.9 లక్షలు. మొదట కట్టిన కోర్టు ఫీజుకు ఈ లెక్కలో చోటు లేదు.

కాగితాలు సమయానికి ఇవ్వనందుకు కక్షిదారుదీ పావు వంతు తప్పని కోర్టు తేల్చిందనుకోండి. పరిహారం ఆ మేరకు తగ్గుతుంది, సరే. ఖర్చులనూ అదే నిష్పత్తిలో కోయడం మాత్రం న్యాయం కాదు. మిగతా ముప్పాతిక రాబట్టుకోవడానికీ అతను పూర్తి దావా నడపాల్సిందే. నిలబడని ఆరోపణతో విచారణను సాగదీస్తే ఆ సాక్ష్యానికి పట్టిన ఖర్చు వరకు కోత పెట్టాలి. వాణిజ్య వివాదాల కోసం 2015లో సవరించిన సెక్షన్ 35లో దశల వారీగా, తేదీల వారీగా ఖర్చులు విధించే పద్ధతి రాసే ఉంది. మామూలు దావాలోనూ ఎవరు, ఎంత మేరకు భరించాలో నిర్ణయించే విచక్షణ కోర్టుకు ఉంది, వాడుకోవడమే తక్కువ.

ప్రతివాదులైన వకీళ్లు అదే కోడ్‌లోని ఆర్డర్ 24ను దాదాపు మరిచిపోయారు. తనవల్ల ఇంత నష్టం జరిగిందని తోచిన మొత్తాన్ని కోర్టులో జమ చేసి వాదికి నోటీసు ఇవ్వొచ్చు. వాది దాన్ని పాక్షికంగానే తీసుకుంటున్నానని దావా కొనసాగించి, చివరకు ఆ జమే పూర్తి బాకీ అని తేలితే, జమ తర్వాతి ఖర్చులు వాదే భరించాలి. అంతకుముందు ఖర్చుల్లోనూ అతిగా అడిగినందువల్ల పెరిగిన భాగం అతనిదే. జమ చేసిన తేదీతో ఖర్చుల లెక్క రెండుగా చీలుతుందన్నమాట. అందుకే తొలి లిఖిత వాదనతో పాటే జమ సంగతి ఆలోచించడం మేలు.

మధ్యలో వకీలు మారిన కేసుల్లో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చక తప్పదు. ఒకరు బాధ్యుడు కాదని తేలితే ఆయన ఖర్చులు ఎవరు కట్టాలో తీర్పులో స్పష్టంగా రాయాలి. తప్పు ఎవరిదో వాది ముందుగా తెలుసుకునే వీలు లేనప్పుడు ఓడిన ప్రతివాదిపై వేయడమే సబబు. ‘ఎవరి ఖర్చులు వారివే’ అంటే గెలిచినవాడికీ నష్టమే. పైగా గెలిచినవారికి ఖర్చులు ఇవ్వకపోతే కారణాలు రాయాలని సెక్షన్ 35(2) చెబుతోంది.

తుది వాదనల నాడే ఇరుపక్షాలూ రసీదులతో ఖర్చుల మెమో వేయాలి. నిబంధనలు సవరించే అధికారం సెక్షన్ 122 కింద హైకోర్టులకు ఉంది కాబట్టి, ఈ మెమోకు ఒక నమూనా ఫారం తెస్తే బాగుంటుంది. పాత కేసు ఖర్చు, దాన్ని తిరిగి తెరిపించే దిద్దుబాటు ఖర్చు, జమకు ముందు ఖర్చు, జమ తర్వాత ఖర్చు అని నాలుగు గడులు చాలు.

– ఒక సివిల్ న్యాయవాది