‘1986 ఒరిజినల్’ అని చెప్పి 1999 రికార్డింగ్ పంపారు: వాపసు కోరుతూ ఫిర్యాదు

గుంటూరు,
మార్చి 24.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

మీకు తెలుగు హెల్ప్‌లైన్ ఉంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

మార్చి 4న మీ సైట్‌లో ‘ది మిషన్’ అనే ఇంగ్లండ్ గాథిక్ రాక్ బ్యాండ్ సీడీ ఆర్డర్ చేశాను. డెలివరీ చార్జీతో కలిపి 1,940 రూపాయలు కట్టాను. 9న వచ్చింది. 10న వాపసు అడిగితే 12న కుదరదన్నారు. 13న మీ పేరున మెయిల్ పెట్టాను. జవాబు లేదు. ఈలోగా మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి మీ ఏజెంట్ చాలా మర్యాదగానే అడిగాడు: “బ్యాండ్ అదే, పాటలు అవే. ఇంక ప్రాబ్లం ఏంటి సార్?”

ప్రాబ్లం ఏంటంటే, మీ పేజీలో ఆ సీడీ కింద “1986 నాటి ఒరిజినల్ రికార్డింగ్స్” అని రాసి ఉంది. ఆ సీడీ పేరు ‘రిజరెక్షన్’, అంటే మళ్ళీ బతికి రావడం. 1996లో విడిపోయిన ఆ బ్యాండ్ 1999లో మళ్ళీ కలిసింది. పాత పాటల్ని స్టూడియోలో కొత్తగా పాడి, కొత్తగా వాయించి అదే ఏడాది ఈ ఆల్బమ్ తెచ్చింది. పేరు చూసినప్పుడు పాత టేపుల్నే మళ్ళీ అచ్చేసి ఉంటారనుకున్నాను. మీరు రాసింది నమ్మకపోతే కదా అనుమానం రావడానికి!

నేను రిటైరైన మత్తు డాక్టర్ని. 1986 నుంచి 1989 వరకు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ట్రైనింగ్‌లో ఉన్నాను. గాథిక్ రాక్ అంటే నల్లబట్టలు, కళ్ళకి కాటుక, రాత్రంతా గోల అనుకునే రకాన్ని. ఒకరోజు రికార్డుల షాపు అద్దంలో ఒక క్యాసెట్ పేరు చూసి ఆగిపోయాను: ‘గాడ్స్ ఓన్ మెడిసిన్’. ‘దేవుడి సొంత మందు’ అని అర్థం. నొప్పి తగ్గించే మార్ఫిన్‌కి, పాతకాలపు పేరున్న డాక్టర్ విలియం ఆస్లర్ పెట్టాడని చెప్పుకునే పేరు అది. మత్తు డాక్టరు ఆ అట్ట చూసి కొనకుండా ఎలా పోతాడు? అలా కొన్నాను. అది ది మిషన్ తొలి ఆల్బమ్. మొదటి పాట ‘వేస్ట్‌ల్యాండ్’. నైట్ డ్యూటీ దిగి, మంచులో నడుచుకుంటూ రూముకి వచ్చి, టీ పెట్టుకుని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఆ బ్యాండ్ పుట్టిందే తగువులోంచి. లీడ్స్ బ్యాండే అయిన ‘ది సిస్టర్స్ ఆఫ్ మెర్సీ’ నుంచి వేన్ హస్సీ, క్రెయిగ్ ఆడమ్స్ బయటికొచ్చి ‘ది సిస్టర్‌హుడ్’ అని పేరు పెట్టుకోబోతే, పాత బ్యాండ్ గాయకుడు ఆండ్రూ ఎల్డ్రిచ్ ఆ పేరుతో తనే ముందుగా రికార్డు విడుదల చేసేశాడు. అప్పుడు వీళ్ళు ‘ది మిషన్’ అయ్యారు. అట్ట మీద పేరుకీ, లోపల గొంతుకీ ఉన్న సంబంధం ఎంత ముఖ్యమో వాళ్ళకి మీకంటే బాగా తెలుసు.

నా క్యాసెట్ గుంటూరు ఉక్కకి బూజు పట్టి, చివరికి కారు ప్లేయర్‌లో చుట్టుకుని తెగిపోయింది. అందుకే సీడీ కొన్నాను. ప్లే చేసిన అర నిమిషానికే తేడా తెలిసింది. గొంతు హస్సీదే, కానీ ముప్పై దాటని కుర్రాడి గొంతు కాదు. తొలి ఆల్బమ్‌లో గిటార్ సైమన్ హింక్లర్‌ది, డ్రమ్స్ మిక్ బ్రౌన్‌వి, నిర్మాత టిమ్ పాల్మర్. 1999లో కలిసిన బ్యాండ్‌లో హింక్లర్, బ్రౌన్ ఇద్దరూ లేరు. హింక్లర్ తిరిగొచ్చింది 2011లో. కాబట్టి “బ్యాండ్ అదే” అన్న మాట కూడా సగమే నిజం.

బ్యాండ్ మీద నాకు కోపం లేదు. పాట రాసిన హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. మాస్టర్ టేపు, అంటే అసలు రికార్డింగ్, సాధారణంగా దాన్ని తీయించిన కంపెనీ చేతిలోనే ఉంటుంది. తమ పాట మీద తమకి పట్టు కావాలంటే మళ్ళీ పాడుకోవడమే చాలామందికి మిగిలే దారి. పాడుకోనివ్వండి. మంచి రోజు చూసుకుని అది కూడా వింటాను. కానీ 1986 అని చెప్పి అమ్మింది బ్యాండ్ కాదు, మీరు.

తేడా కనుక్కోవడం కష్టమేమీ కాదు. సీడీ వెనక గుండ్రటి గీతలో ‘పి’ అక్షరం, పక్కన ఏడాది ఉంటాయి. అది రికార్డింగ్ విడుదలైన సంవత్సరం. గుండ్రటి ‘సి’ అట్టకీ, బొమ్మలకీ సంబంధించినది. మీ పేజీ రాసినవాళ్ళు డబ్బా తిప్పి చూస్తే సరిపోయేది. కొనేవాడికి ఆ అవకాశం కూడా లేదు, మీరు పెట్టింది ముందువైపు ఫొటో ఒక్కటే.

మా నాన్నగారికీ ఒకసారి ఇలాగే జరిగింది. ఎనభైల్లో బ్రాడీపేటలో ఘంటసాల పాటల క్యాసెట్ కొన్నారు. అట్టనిండా ఘంటసాల ఫొటో. పాడింది ఎవరో వేరే ఆయన, ఆ పేరు మూల చీమ తలంత అక్షరాల్లో ఉంది. నాన్నగారు పల్లవి సగంలోనే టేప్ రికార్డర్ ఆపేసి, చెప్పులేసుకుని షాపుకి బయల్దేరారు. షాపతను రెండో మాట లేకుండా వేరే క్యాసెట్ ఇచ్చాడు. అతనికి యాప్ లేదు, టికెట్ నంబర్ లేదు. ఇలాంటి వెర్షన్ రికార్డింగుల మీద జనాన్ని తికమక పెట్టే అట్టలు ఉండకూడదని 2012లో కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ చేర్చారు. బ్యాండ్ తన పాట తనే పాడుకున్నప్పుడు ఆ సెక్షన్ నేరుగా వర్తిస్తుందని నేను వాదించడం లేదు. దాని వెనకున్న ఆలోచన మీకు తెలిస్తే చాలు.

మీకు నేరుగా వర్తించేది వేరే ఉంది. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. “సీల్ విప్పేశారు సార్” అన్నారు. సీల్ విప్పకుండా పాట వినే విద్య ఉంటే నేర్పించండి. “యాప్‌లో అసలు పాట వినొచ్చు కదా” అని ఇంకో అమ్మాయి సలహా ఇచ్చింది. వినొచ్చు. అప్పుడు నా 1,940 రూపాయలు మీ దగ్గరెందుకు?

అవే నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలో పరిష్కరించాలి. 13వ తేదీ మెయిల్‌కి 48 గంటలు ఎప్పుడో దాటాయి. మీ ఖర్చుతో సీడీ తీసుకెళ్ళి, డెలివరీ చార్జీతో సహా మొత్తం డబ్బు వెనక్కివ్వండి. ‘గాడ్స్ ఓన్ మెడిసిన్’ అసలు ఆల్బమ్ మీ దగ్గరుంటే డబ్బు బదులు అది పంపినా సరే, ధర ఎక్కువైతే తేడా కడతాను. ఏదైనా సరే, ఆ పేజీలో “1999లో మళ్ళీ రికార్డ్ చేసినవి” అని మాత్రం మార్చండి. నెలలోపు తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆ తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. రిటైరైనవాణ్ణి, తీరిక బోలెడు.

ఆర్డర్ రసీదు, మీ పేజీ స్క్రీన్‌షాట్, సీడీ వెనకవైపు ఫొటో జతచేశాను. సీడీ డబ్బాలో పెట్టి హాల్లో బల్ల మీద ఉంచాను. మీ మనిషి ఎప్పుడొచ్చినా ఇస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం రావద్దని చెప్పండి, ఆ టైంలో పడుకుంటాను.

ఇట్లు,
మీ కస్టమర్