మిద్దె మీద తోటకి ఏ రకాలు నమ్మాలి?

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. కుండీలు తెచ్చావు, మట్టి కలిపావు, ఇక విత్తనాల దగ్గర ఆగిపోయావు. అక్కడ ఆగి నన్ను అడగడం మంచి పనే రా. నీళ్ళు తక్కువైతే రేపు పోసుకోవచ్చు, ఎరువు చాలకపోతే వచ్చే వారం వేసుకోవచ్చు. రకం మాత్రం ఒకసారి నాటాక ఆ కాపు అయిపోయేదాకా దానితోనే మన కాపురం.

కవరు మీద బొమ్మనీ, "అత్యధిక దిగుబడి" అన్న మాటనీ పక్కన పెట్టెయ్. వెయ్యి మొక్కలున్న పొలంలో పాతిక పోయినా లెక్కలోకి రాదు. నువ్వు నాటేవి మహా అయితే నాలుగు టమాటా మొక్కలు, ఒకటి పోతే పావు వంతు పంట పోయినట్టే. అందుకే మనకి కావలసింది గొప్పగా కాసే రకం కాదు, తప్పకుండా కాసే రకం. ఎండ ముదిరినా, రెండు రోజులు నీళ్ళు ఆలస్యమైనా, ఎంతో కొంత చేతిలో పెట్టేది. నేను రకాన్ని నమ్మడానికి చూసేది ఇదొక్కటే.

టమాటా గురించి కాస్త ఎక్కువ రాస్తాను, అందరూ ముందు నాటేదీ అదే, ముందు నిరాశపడేదీ దానితోనే. మొక్క ఏపుగా పెరుగుతుంది, పూత గుత్తులు గుత్తులుగా వస్తుంది, పిందె మాత్రం ఉండదు. పువ్వు కాడని దగ్గరగా చూడు. మధ్యలో మోకాలులాంటి చిన్న కణుపు ఉంటుంది. ముందు అక్కడ పసుపు రంగు తిరుగుతుంది, మర్నాటికి వేలు తగిలితే చాలు, పువ్వు రాలిపోతుంది. చాలామంది ఇది ఎరువు లోపం అనుకుని ఇంకా ఇంకా వేస్తారు. అసలు కారణం చాలాసార్లు వేడి. పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 21 కిందికి దిగకపోతే పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పిందె కట్టదు. ఊళ్ళో మిద్దెకి ఉన్న చిక్కే ఇది. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రంతా వదులుతూ ఉంటుంది. పొలంలో చల్లబడే వేళకి మన కుండీల దగ్గర ఇంకా ఉక్కగానే ఉంటుంది.

కాబట్టి అరకిలో తూగే పెద్ద కాయ రకాల జోలికి మొదటి ఏడాది పోకు. అవి వేడికి ముందు చేతులెత్తేస్తాయి. చిన్న కాయల చెర్రీ రకాలు అదే వేడిలో ఎంతో కొంత నిలబడతాయి. ఒక గుత్తి రాలినా వెనకే ఇంకో గుత్తి వస్తుంది. కాస్త పెద్ద కాయ కావాలంటే, ద్రాక్షపండు ఆకారంలో కాసే 'జూలియెట్' మంచిది. ఉత్తర అమెరికాలో 1932 నుంచి ఆల్ అమెరికా సెలెక్షన్స్ అని ఒక సంస్థ ఉంది. కొత్త రకాలని వేరువేరు ప్రాంతాల తోటల్లో పెంచి, అప్పటికే మార్కెట్లో ఉన్న మంచి రకం పక్కన పెట్టి పోల్చి చూశాకే బహుమతి ఇస్తుంది. జూలియెట్‌కి 1999లో వచ్చింది. ఆ బహుమతి చూసి కళ్ళు మూసుకుని కొనమని కాదు, ఆ వాతావరణం వేరు, నీ మిద్దె వేరు. కానీ ఒక రకాన్ని చాలా చోట్ల, చాలా చేతులు పెంచి చూశాయంటే అది బొమ్మ కన్నా గట్టి సాక్ష్యం.

టమాటా కవరు మీద 'డిటర్మినేట్' అని ఉందా, 'ఇండిటర్మినేట్' అని ఉందా తప్పకుండా చూడు. మొదటిది ఒక ఎత్తుకి పెరిగి ఆగిపోతుంది, కాపు కూడా దాదాపు ఒక్కసారే వస్తుంది. రెండోది తీగలా సాగుతూనే ఉంటుంది, మనిషెత్తు దాటుతుంది, నెలల తరబడి కొంచెం కొంచెంగా కాస్తుంది. గాలి బాగా కొట్టే మేడ మీద రెండోదానికి గట్టి ఊతం లేకపోతే ఒక్క రాత్రి చాలు విరగడానికి. 'రోమా' మొదటి జాతి, మధ్యస్థమైన కుండీలో కుదురుగా ఉంటుంది. గోడవారన జాగా, కట్టడానికి కడ్డీలూ ఉంటే తీగ రకం పెట్టు, దానికి 20 లీటర్లకి తగ్గని కుండీ ఇవ్వు. చిన్న కుండీలే ఉన్నాయంటే 'టైనీ టిమ్' లాంటి మరుగుజ్జు రకం, అడుగు, అడుగున్నర ఎత్తు మించదు.

పేరు పక్కన వి, ఎఫ్, ఎన్, టి అని అక్షరాలుంటాయి, అవి దాటేసి వెళ్ళకు. వి, ఎఫ్ అంటే మట్టిలోంచి వచ్చే రెండు రకాల ఎండు తెగుళ్ళని తట్టుకుంటుందని, ఎన్ అంటే వేళ్ళకి బుడిపెలు కట్టే నులిపురుగుల్ని, టి అంటే మొజాయిక్ వైరస్‌ని. కుండీల్లో మట్టిని మనం ఏటా మార్చం కదా, అదే మట్టిలో మళ్ళీ మళ్ళీ టమాటా పెడతాం. ఆ అక్షరాల విలువ అప్పుడు తెలుస్తుంది. తట్టుకోవడం అంటే అసలు రాదని కాదు, వచ్చినా మొక్క నిలబడుతుందని.

తీగజాతి గురించి ఒక మాట. దోస, సొర, గుమ్మడి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తేనెటీగ రావాలి. ఐదారు అంతస్తుల పైన అవి వస్తాయో రావో నమ్మకం లేదు. పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దే ఓపిక ఉంటే సరే. లేదంటే కీరదోసలో పుప్పొడి అక్కర్లేకుండానే కాసే రకాలున్నాయి, కవరు మీద 'పార్థినోకార్పిక్' అని రాస్తారు. తేనెటీగలు బాగా తిరిగే చోటైతే 'మార్కెట్‌మోర్ 76' నమ్మదగ్గది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో హెన్రీ మంగర్ తయారుచేసిన రకం, బూడిద తెగులుని బాగా తట్టుకుంటుంది. బెండ, వంగ, మిరప, చిక్కుళ్ళకి ఈ బెడద లేదు, ఒకే పువ్వులో రెండూ ఉంటాయి. గాలి ఊపినా చాలు.

బెండలో 'క్లెమ్సన్ స్పైన్‌లెస్' పాతది, 1939లో అదే ఆల్ అమెరికా బహుమతి పొందింది, ఇప్పటికీ అమ్ముతున్నారంటే ఊరికే కాదు. పల్లాకు తెగులు తిరిగే చోట మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకు, ఆ తెగులుని తట్టుకుంటుందని స్పష్టంగా రాసి ఉన్న రకమే కొను. దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ ఎక్కడెక్కడి నుంచో ఎగిరొస్తుంది, మన మిద్దె శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఆగదు. ముల్లంగికి 'చెర్రీ బెల్', నెల తిరక్కుండా చేతికొస్తుంది. ఆకుకూరలు రోజుకి మూడు నాలుగు గంటల ఎండకే సర్దుకుంటాయి, కాయగూరలకి ఆరు గంటలు ఉండాల్సిందే.

కవరు వెనక రోజులు కూడా జాగ్రత్తగా చదువు. టమాటా, వంగ, మిరపకి "70 రోజులు" అని ఉంటే సాధారణంగా అది నారు నాటిన రోజు నుంచి లెక్క, విత్తనం వేసిన రోజు నుంచి కాదు. నారు పెరగడానికి ఇంకో నాలుగు నుంచి ఆరు వారాలు కలుపుకో. బెండ, చిక్కుడు, ముల్లంగికి విత్తిన రోజు నుంచే. ప్యాకింగ్ ఏడాది కూడా చూడు. టమాటా విత్తనం బాగా దాస్తే నాలుగేళ్ళు మొలుస్తుంది, ఉల్లి ఏడాది దాటితే నమ్మలేం. అనుమానం వస్తే పది గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టు, ఏడు మొలిస్తే నిశ్చింతగా వాడు, మూడే మొలిస్తే ఆ కవరు పక్కన పెట్టెయ్.

హైబ్రిడా, నాటు రకమా అని అడిగావు. ఇందులో పంతం పెట్టుకోకు. తెగులు బెడద ఎక్కువున్న పంటకి హైబ్రిడ్ కొను, దాని గింజలు మాత్రం దాచకు, వాటి పిల్లలు తల్లిలా రావు. టమాటా, చిక్కుడు నాటు రకాలైతే తమ పుప్పొడితోనే కాస్తాయి, గింజ దాచుకుంటే మళ్ళీ అదే రకం వస్తుంది. దాచేటప్పుడు అన్నిటికన్నా పెద్ద కాయ కోసం వెతకకు. ఎండల్లో కూడా కాపు ఆపని మొక్క ఏదో గుర్తుపెట్టుకుని దాని గింజలు తియ్యి. రెండు మూడు కాపులు అలా చేస్తే, నీ మిద్దెకి అలవాటు పడిన మొక్కల్ని నువ్వే ఏరుకుంటూ పోతావు. నాకు ఈ తోటపనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే రా.

ఈసారికి ఒక చెర్రీ టమాటా, ఒక బెండ, ఒక చిక్కుడు, రెండు ఆకుకూరలు పెట్టు. కొత్తది, చూడ్డానికి సరదాగా ఉన్నది ఒక్కటి, ఒకే కుండీలో. ప్రతి కుండీకీ రకం పేరు, విత్తిన తేదీ రాసి గుచ్చు, లేకపోతే బాగా కాసింది ఏదో మూడు నెలలకి నీకే గుర్తుండదు.

వచ్చే ఉత్తరంలో మిద్దె మీద ఏ మూల ఎన్ని గంటలు ఎండ పడుతుందో, పడమర వైపు గోడ ఉందో లేదో రాయి. గోడ ఉంటే తీగ రకాల సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం.

నీ
సుబ్బు