గ్రావిటేట్ గురించి, శీనుకి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అనువాదంలో "గ్రావిటేట్" అనే ఇంగ్లీషు క్రియ కనబడ్డ ప్రతిచోటా "ఆకర్షితులయ్యారు" అని రాసుకుంటూ పోయానని, ఇప్పుడు అనుమానమొచ్చిందని రాశావు. నీ అనుమానం సరైందేరా. ఆ మాటకి దగ్గర్లో ఇంకో అరడజను మాటలున్నాయి, వాటినీ కలిపి చూస్తే తప్ప ఇది తేలదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు మాట పుట్టుక చూడు. లాటిన్లో "గ్రావిస్" అంటే బరువైనది. మన సంస్కృతం "గురు" దానికి తోబుట్టువే, రెండిటికీ మూలం ఒకటే. ఛందస్సులో గురువు, లఘువు అంటామే, ఆ లఘువుకి తోబుట్టువు లాటిన్ "లెవిస్", అంటే తేలికైనది. దాని వైపు నుంచే గాల్లోకి తేలడమనే అర్థంలో "లెవిటేట్" వచ్చింది. ఆ మాటని "గ్రావిటేట్"ని చూసే కట్టారు. అంటే మనం పద్యపాదంలో లెక్కపెట్టే గురులఘువులే అక్కడ రెండు క్రియలయ్యాయన్నమాట! ఇంకోటి: "గురు" నుంచే "గౌరవం" వచ్చింది, ఇంగ్లీషులో "గ్రావిటాస్" అన్నా హుందాతనమే. బరువు నుంచి పెద్దరికానికి రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి. సమాధికి వాడే "గ్రేవ్" మాత్రం ఈ కుటుంబం కాదు, అది తవ్వడమనే అర్థమున్న వేరే ధాతువు.

ఈ క్రియ ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చింది. గురుత్వాకర్షణ సూత్రం చెప్పిన న్యూటన్ పుస్తకం ప్రిన్సిపియా అచ్చయిందీ ఆ శతాబ్దంలోనే, 1687లో. మొదట్లో వస్తువు తన బరువుతో నొక్కడం, ఆ బరువుతో ఒక కేంద్రం వైపు కదలడం దీని అర్థాలు. మనుషులకీ అభిరుచులకీ వాడడం తర్వాత వచ్చింది. అలా వాడినా పాత బొమ్మ చెరిగిపోలేదు, కిటుకంతా అక్కడే ఉంది. ఈ మాట వాడాలంటే మూడు ఉండాలి: లాగే కేంద్రం ఒకటి, దాని వైపు నెమ్మదిగా జరిగే కదలిక, ఎవరూ తోయకపోవడం. "నీరు పల్లమెరుగు" అంటామే, సరిగ్గా అదే. మూడింట్లో ఏది లేకపోయినా వేరే మాట వెతుక్కోవాలి.

కేంద్రం లేకపోతే "డ్రిఫ్ట్". తాడు తెగిన పడవ కొట్టుకుపోతుంది చూడు, అదీ డ్రిఫ్ట్. ఇద్దరు స్నేహితులు మెల్లమెల్లగా దూరమైతే "డ్రిఫ్టెడ్ అపార్ట్" అంటారు. అక్కడ గ్రావిటేట్ పొసగదు, ఎందుకంటే వాళ్ళని లాగుతున్నది ఏదీ లేదు.

కదలిక లేకుండా వంపు మాత్రమే ఉంటే "లీన్". మన "మొగ్గు"కి సరైన జోడీ ఇదే. త్రాసు ఒక పక్కకి మొగ్గుతుంది గానీ అక్కణ్ణుంచి కదిలిపోదుగా. ఓటర్లు ఫలానా పార్టీ వైపు మొగ్గుతున్నారని పేపర్లో రాస్తే ఇంగ్లీషులో లీన్ అనే రాయాలి. "ఇన్‌క్లైన్" కూడా వంపే, కాకపోతే మర్యాదగా, ఎక్కువగా మనసుకి వాడతారు. "ఐ యామ్ ఇన్‌క్లైన్డ్ టు అగ్రీ" అంటే ఇంకా ఒప్పుకోలేదు, ఒప్పుకోవాలనిపిస్తోంది అని. దాన్ని "ఒప్పుకుంటున్నాను" అని రాస్తే అర్థమే మారిపోతుంది.

అందరూ ఎక్కువగా జారిపడేది "టెండ్" దగ్గర. దీని లాటిన్ మూలానికి సాచడమని అర్థం, కానీ ఇప్పుడు ఆ సాగడం కనబడదు. అలవాటు, గుణం, తరచుగా జరగడం, అంతే. "ఐరన్ టెండ్స్ టు రస్ట్" అన్నదాన్ని "ఇనుము తుప్పు వైపు మొగ్గు చూపుతుంది" అని రాస్తే తెలుగు చచ్చిపోతుంది. "ఇనుముకి తుప్పు పట్టే గుణం ఉంది" అను, లేదా ఉత్త "ఇనుము తుప్పు పడుతుంది" అను. మన "పడుతుంది"లోనే ఆ అలవాటు ఉంది, చాలాసార్లు టెండ్‌కి వేరే మాటే అక్కర్లేదు.

ఇక నువ్వు వాడిన "ఆకర్షితులయ్యారు" అసలు జోడీ "వర్ డ్రాన్ టు". అందులో బలమంతా లాగేదానిది. గ్రావిటేట్‌లో కదలిక మనిషిది. తెలుగులో "మనసు అటు లాగుతోంది" అంటాం, మనిషి పక్కకి తప్పుకుని మనసు ముందుకొస్తుంది. ఇంగ్లీషులో మనిషే కర్త. అందుకని కర్తని మనిషిగానే ఉంచి చేరు, మళ్ళు, జరుగు లాంటి కదలిక ధాతువు పెట్టు. పెళ్ళిలో "ద చిల్డ్రన్ గ్రావిటేటెడ్ టువర్డ్స్ ది ఐస్‌క్రీం" అంటే "పిల్లలంతా మెల్లగా ఐస్‌క్రీం దగ్గరికి చేరారు". అదే పిల్లలు పరిగెత్తి మీదపడితే గ్రావిటేట్ కాదు. మాటలు రాజకీయాల మీదికి మళ్ళాయి, చదువు చివరికి లెక్కల వైపు తిరిగింది, ఇవన్నీ దీనికి చక్కగా ఒదుగుతాయి. ఉన్నట్టుండి దారి మారితే మాత్రం "వీర్" అనాలి.

వ్యాకరణం తొందరగా చెప్పేస్తా. గ్రావిటేట్ అకర్మకం, అంటే కర్మని తీసుకోదు, కాబట్టి "ఇట్ గ్రావిటేటెడ్ మి" తప్పు. వెనక "టు" గానీ "టువర్డ్స్" గానీ రావాలి, అమెరికా వాళ్ళు ఎక్కువగా చివరి "స్" లేకుండా "టువర్డ్" అంటారు. ఆ "టు" తర్వాత నామవాచకమే రావాలి. "గ్రావిటేట్ టు రీడ్" కుదరదు, "టెండ్ టు రీడ్" కుదురుతుంది. "గ్రావిటేట్ అరౌండ్" అని కూడా రాస్తుంటారు, కానీ చుట్టూ తిరిగేదానికి "రివాల్వ్" ఉంది. పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద, ఆ అక్షరంలోని అచ్చుని "క్యాట్"లో లాగా పలకాలి.

ఇప్పుడు నీ అనువాదంలో ఆ మాట ఉన్న వాక్యాలన్నీ మళ్ళీ తియ్. ఒక్కోదాన్నీ మూడు ప్రశ్నలు అడుగు: ఎటు? మెల్లగానా? ఎవరైనా తోశారా? మూడూ కుదిరిన చోట "చేరు" గానీ "మళ్ళు" గానీ పెట్టి చూడు. కుదరనివి ఇంగ్లీషు వాక్యంతో సహా నాకు రాసి పంపు, కలిసి చూద్దాం. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ
రాఘవ