మా షాపు కంప్యూటర్‌ని మళ్లీ గాడిలో పెట్టిన అందరికీ కృతజ్ఞతలు

మా సిస్టమ్‌కి సెక్యూరిటీ ఆగిపోయిందని తెలిసి ఫోన్లు చేసినవాళ్లు, షాపుకొచ్చి కూర్చున్నవాళ్లు, పని ఆగకుండా తమ మెషీన్ ఇచ్చినవాళ్లు, వీళ్లందరికీ విడివిడిగా చెప్పడం కుదరక ఇలా రాస్తున్నాను. పేర్లు వద్దని ఇద్దరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ పెట్టలేదు. చదివితే ఎవరికి వాళ్లకి తెలిసిపోతుందిలెండి.

మాది చీరాలలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, చేనేత సొసైటీల బిల్లు పుస్తకాలు, మధ్యలో జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచీ ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు ఈ మెషీన్‌కి తగులుతూనే ఉంటాయి. వాటిలో షార్ట్‌కట్ వైరస్ (ఫైళ్లని దాచేసి వాటి బదులు షార్ట్‌కట్‌లు చూపించేది) లేని పెన్‌డ్రైవ్ వస్తే ఆరోజు పండగే. అదీగాక జనం ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కుల స్కాన్లు మా హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. ఇలాంటి చోట వైరస్‌ని కనిపెట్టేది పనిచేయకపోతే నష్టం నా ఒక్కడిదే కాదు.

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మా మెషీన్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ రెండూ ఉండబట్టి విండోస్ 11కి మారిపోయాం. మారడం సాఫీగానే జరిగింది. ఫైళ్లు, ఫాంట్లు, ప్రింటర్ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద గడియారం పక్కనుండే డాలు బొమ్మ మీద మాత్రం ఎర్రటి ఇంటూ గుర్తు కనబడింది. దాన్ని నొక్కితే విండోస్ సెక్యూరిటీ తెరుచుకుని, మేం అప్పుడే తీసేసిన ఒక యాంటీవైరస్ పేరు చూపించి, అది ఆఫ్‌లో ఉంది, దాన్ని తెరవండి అంటుంది. తెరుద్దామంటే అది ఉంటే కదా! చందా గడువు తీరిందని అప్‌గ్రేడ్‌కి ముందే పద్ధతిగా అన్‌ఇన్‌స్టాల్ చేశాం. యాప్స్ జాబితాలో దాని ఊసే లేదు. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆన్ చేద్దామంటే, ఆ స్విచ్చే కనపడదు.

ఎవరికి ఫోన్ చేసినా ఒకటే మాట, ఫార్మాట్ కొట్టేద్దాం. మన ఊళ్లలో కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా మందు అదొక్కటే అన్నట్టు తయారైంది. ఇంకొకాయన, అసలు విండోస్‌లో ఉన్నదాన్ని నమ్ముకోకూడదు, రెండు వేలు పెట్టి వేరేది వేయించుకోండి అన్నాడు. పెళ్లిళ్ల సీజన్ మొదలైంది, చేతిలో శుభలేఖల పని ఉంది. ఫార్మాట్ అంటే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, దాని డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చితేనే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకునే తాళం లాంటిది), ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు మొత్తం మళ్లీ మొదటికి. ఆ టెన్షన్‌లో ఉండగా పాలిటెక్నిక్ ల్యాబ్ సార్ ప్రశ్నపత్రం ప్రింట్ కోసం వచ్చారు.

సార్, మీకు నా మొదటి నమస్కారం. మీరు కుర్చీ లాక్కుని కూర్చుని, "ఫార్మాట్ సంగతి తర్వాత. ముందు ఇదెందుకు ఆగిందో చూద్దాం" అన్నారు చూశారా, ఆ మాటకే సగం బరువు దిగిపోయింది. సార్ ముందు విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచారు. డిఫెండర్‌కి అందులో విడిగా ఒక లాగ్ ఉంటుందట. రియల్ టైమ్ రక్షణను ఎవరైనా, ఏదైనా ఆపితే అందులో 5001 నంబర్‌తో నమోదవుతుంది, వైరస్ దొరికితే 1116. అప్‌గ్రేడ్ తర్వాత 5001 ఒక్కటీ లేదు. అంటే దీన్ని ఎవరూ ఆపలేదు, ఇది అసలు మొదలే కాలేదు అన్నారు. తర్వాత కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో డిఫెండర్ స్థితి చెప్పే కమాండ్ కొట్టారు. రన్నింగ్ మోడ్ ఎదురుగా 'నాట్ రన్నింగ్' అని వచ్చింది.

అప్పుడు సార్ చెప్పిన సంగతి నాలాంటి షాపులవాళ్లకి పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. వేరే యాంటీవైరస్ వేసుకుంటే అది విండోస్ సెక్యూరిటీ సెంటర్‌లో తన పేరు నమోదు చేయించుకుంటుంది. ఆ పేరు ఉన్నంతవరకూ డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది, ఒకే ఫైలు మీద ఇద్దరు పడి కొట్టుకోకుండా. అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ పేరు కూడా చెరిగిపోవాలి. మాకు ప్రోగ్రామ్ పోయింది, పేరు మిగిలిపోయింది. బదిలీ అయిన ఉద్యోగి పేరు హాజరు పట్టీలో అలాగే ఉంటే కొత్తాయనకి డ్యూటీ వేయరు, అచ్చం అలాగే ఉంది వ్యవహారం. యాంటీవైరస్ కంపెనీలన్నీ దాదాపుగా తమ అవశేషాలు తీసేయడానికి వేరే ఉచిత టూల్ ఒకటి తమ సైట్‌లోనే పెడతాయట. సార్ ఆ కంపెనీ సైట్ నుంచే దాన్ని దించి, విండోస్‌కి తప్పనిసరైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో నడిపి, రీస్టార్ట్ చేశారు. మెషీన్ లేవగానే డిఫెండర్ తనంతట తానే పనిలోకి దిగింది. ఎర్ర గుర్తు పోయింది, వైరస్ రక్షణ దగ్గర ఆకుపచ్చ టిక్ వచ్చింది.

"విండోస్‌లో ఉన్నదాన్ని నమ్మకూడదంటున్నారు సార్" అని అడిగితే, అది పాత రోజుల మాటన్నారు. విస్టాలో వచ్చిన డిఫెండర్ స్పైవేర్ మటుకే చూసేదట, 2012లో విండోస్ 8తో పూర్తి యాంటీవైరస్ అయిందట. టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. డబ్బుల మాటెత్తితే కోప్పడ్డారు.

ఇక్కడితో అయిపోయిందని నేను అందరికీ ఫోన్ చేసి చెప్పేశాను. మా పెద్దమ్మ కూతురు మాత్రం ఊరుకోలేదు. అక్క హైదరాబాద్‌లో ఒక కంపెనీ సెక్యూరిటీ మానిటరింగ్ టీమ్‌లో పనిచేస్తుంది, నైట్ షిఫ్టులు. "టిక్ మార్క్ చూసి సంబరపడకురా, పరీక్ష పెట్టావా?" అంది. నిజం వైరస్ అక్కర్లేకుండా యాంటీవైరస్‌ని పరీక్షించడానికి ఐకార్ అని ఒక టెస్ట్ ఫైల్ ఉంది. మొత్తం 68 అక్షరాల వరస. ఏ హానీ చేయదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని ఒక ఒప్పందం. నోట్‌ప్యాడ్‌లో ఆ వరస పెట్టి డెస్క్‌టాప్ మీద సేవ్ చేయించింది. చేసీ చేయగానే డిఫెండర్ పట్టేసింది. సరే, అదే ఫైల్ డీ డ్రైవ్‌లో సేవ్ చెయ్యి అంది.

చేశాను. ఏమీ జరగలేదు. ఫైల్ అక్కడే దర్జాగా కూర్చుంది.

కస్టమర్ల ఫైళ్లన్నీ ఉండేది ఆ డీ డ్రైవ్‌లోనే! అక్క నవ్వి, ఎక్స్‌క్లూజన్స్ చూడమంది. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో కింది వైపు ఉంటుంది ఆ జాబితా. అందులో డీ డ్రైవ్ మొత్తం రాసుంది. అంటే అక్కడ ఏమున్నా పట్టించుకోవద్దని డిఫెండర్‌కి ఎవరో ఎప్పుడో చెప్పి పెట్టారు. మెషీన్ మొదట సెట్ చేసిన మనిషి, ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు అడ్డొస్తోందని పెట్టి ఉంటాడని అక్క అనుమానం. ఇలాంటివి చాలా చోట్ల చూస్తుందట. విండోస్ మారినా ఆ సెట్టింగ్ పాత ఫైళ్లతో పాటే కొత్తదాంట్లోకి వచ్చేసింది. ఆకుపచ్చ టిక్‌కి దీనితో సంబంధం లేదు. డిఫెండర్ ఆన్‌లో ఉంటే టిక్ వస్తుంది, అది ఎక్కడ చూడటం లేదో టిక్ చెప్పదు.

ఆ ఒక్క లైను తీసేశాక డీ డ్రైవ్‌లోని టెస్ట్ ఫైల్ తెరవబోతే వెంటనే మాయం. రాత్రి ఫుల్ స్కాన్ పెట్టి షట్టర్ వేశాను. పొద్దున ప్రొటెక్షన్ హిస్టరీ చూస్తే పాత కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల నుంచి కాపీ చేసుకున్న ఫోల్డర్లలో షార్ట్‌కట్ వైరస్ స్క్రిప్టులు వరసగా పట్టుబడి ఉన్నాయి. అక్క చెప్పినట్టే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చేశాను. అది విండోస్ పూర్తిగా లేవకముందే చూస్తుంది కాబట్టి లోపల దాక్కున్నవి తప్పించుకోవడం కష్టం. టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడమంది. అది ఉంటే వేరే ప్రోగ్రాములు డిఫెండర్‌ని చాటుగా ఆపలేవు. అక్కా, నిద్రపోయే టైములో వీడియో కాల్‌లో నా పక్కనే ఉన్నావు. సంక్రాంతికి వస్తే అలసందల గారెలు మా ఇంట్లోనే.

మిగిలింది విండోస్ సెక్యూరిటీలోనే డివైస్ సెక్యూరిటీ దగ్గరున్న పసుపు త్రికోణం. కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ అని. ఆన్ చేయబోతే, సరిపడని డ్రైవర్ ఉంది అని ఒక ఫైల్ పేరు చూపించింది. డ్రైవర్ అంటే పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రామ్. ఇది మా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ డాంగిల్‌ది. మెమరీ ఇంటిగ్రిటీ అంటే, విండోస్ లోపలి పొరలో నడిచే కోడ్‌ని ఒక పక్కన విడిగా పరీక్షించి పాసైతేనే నడవనిస్తుంది. ఒకే మెమరీ పేజీలో రాయడం, నడపడం రెండూ కుదరవంటుంది. పాత డ్రైవర్లు కొన్ని ఆ రెండూ కలిపే చేస్తాయి, అందుకే దానికి పడదు. డీటీపీ లోకం తెలిసినవాళ్లకి ఇది ఎంత ఇరకాటమో వేరే చెప్పక్కర్లేదు. మా పాత ఫైళ్లేవీ యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే పద్ధతిలో) లేవు. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్ లేకపోతే అందులో ఉన్నది పెళ్లి శుభలేఖో విద్యుత్ బిల్లో కూడా తెలియదు, అంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. డాంగిల్ డ్రైవర్ తీసేస్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. మెమరీ ఇంటిగ్రిటీ లేకుండా ఉండొచ్చు కూడా, చాలామంది అలాగే నడిపిస్తున్నారు. ఆ త్రికోణాన్ని డిస్మిస్ నొక్కి వదిలేద్దామనే అనుకున్నా.

ఒంగోలులో డీటీపీ చేసే అన్నగారు ఇదే చిక్కులోంచి బయటపడ్డారని తెలిసి ఫోన్ చేశాను. ఆయన చెప్పిన కిటుకు ఇది. టైపింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర కొత్త డ్రైవర్ లేకపోవచ్చు, కానీ డాంగిల్ తయారుచేసేది వేరే కంపెనీ. వెనకాల ఉన్న పేరు చూసి ఆ కంపెనీ సైట్‌కి పోతే విండోస్ 11కి పనికొచ్చే డ్రైవర్ దొరికింది. వేశాను, అయినా త్రికోణం పోలేదు. మళ్లీ ఆయనకే ఫోన్. కొత్తది వేసినా పాతది విండోస్ డ్రైవర్లు దాచుకునే డ్రైవర్ స్టోర్‌లో అలాగే ఉంటుంది, సిస్టమ్ దాన్నీ లెక్కపెడుతుంది అన్నారు. పీఎన్‌పీ యుటిల్ అనే కమాండ్‌తో ఉన్న డ్రైవర్ల పట్టీ తీయించి, అందులో ఓఈఎం అని నంబర్‌తో ఉన్న పాతదాన్ని గుర్తుపట్టించి, దాన్నొక్కదాన్నే తీయించారు. ఇక్కడ తొందరపడి నంబర్ తప్పు కొడితే ప్రింటర్‌దో నెట్‌వర్క్‌దో పోతుందని, కమాండ్ ఎంటర్ కొట్టేముందు నా చేత పైకి చదివించారు. మెమరీ ఇంటిగ్రిటీ ఆన్ చేసి రీస్టార్ట్ చేస్తే డాంగిల్ లైటు వెలిగింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, పాత శుభలేఖ ఫైల్ చక్కగా కనపడింది. అన్నగారూ, మనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, పైగా ఒకే వ్యాపారం. అయినా అంతసేపు ఓపిగ్గా చెప్పారు. ఒంగోలు వచ్చినప్పుడు తప్పకుండా కలుస్తాను.

ఎదురు ప్రెస్సాయన గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మా సిస్టమ్ స్కాన్‌లో ఉన్నంతసేపూ తన సిస్టమ్ ఇచ్చి, పక్కన కూర్చుని శుభలేఖల ప్రూఫు కూడా చూశారు. తమ్ముడూ, మీ కస్టమర్ మీ దగ్గరే ఉంటారు, నాకేం వద్దు అన్నారు. ప్రూఫులో మేం గమనించని దీర్ఘం ఒకటి ఆయన పట్టుకున్నారు కూడా. కార్డుల కోసం రెండుసార్లు వచ్చి ఉత్త చేతుల్తో తిరిగి వెళ్లినా ఒక్క మాట అనని పెళ్లివారికీ థాంక్స్. ముహూర్తానికి ముందే అన్నీ పంచేశారని తెలిసి సంతోషమేసింది.

ఇకమీదట మా షాపులో పెన్‌డ్రైవ్ పెట్టగానే ముందు స్కాన్ అవుతుంది, అర నిమిషమో నిమిషమో ఆగాలి. తొందరున్నవాళ్లు కాస్త ఓర్చుకోండి. మీ ఫైళ్లు ఫోల్డర్లకి బదులు షార్ట్‌కట్‌లుగా కనపడుతుంటే అవి పోయినట్టు కాదు, దాచిపెట్టి ఉంటాయంతే, బయటికి తీసిస్తాం. దానికి డబ్బులు తీసుకోం.

తోటి డీటీపీవాళ్లకి ఒక మాట. మీ విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ జాబితా ఒకసారి తెరిచి చూసుకోండి. ల్యాబ్ సార్ చేసినవి, అక్క చెప్పినవి, ఒంగోలు అన్నగారి డ్రైవర్ పద్ధతి అన్నీ వరసగా ఒక కాగితం మీద తెలుగులో టైప్ చేసి పెట్టాను. కావాల్సినవాళ్లు షాపుకొచ్చి ప్రింట్ తీసుకెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట వరకే ఉంటాం.